థెస్సలొనీక మీది వీధులలో



మేము వేదాంత పాఠశాలలో చదువుకొను దినములలో తరగతి గోడమీద పౌలు ప్రయాణముల పటమొకటి వ్రేలాడుచుండెడిది. మొదటి ప్రయాణమునకు ఎఱ్ఱగీత, రెండవదానికి నీలిగీత. మా ఉపాధ్యాయుడు బెత్తము కొనతో ఒక్కొక్క చుక్కను తాకుచుండగా మేము పేర్లు చెప్పవలెను. నెయపొలి, ఫిలిప్పీ, అంఫిపొలి, అపొల్లోనియ, థెస్సలొనీక, బెరయ. పేర్లు నోటికి వచ్చినవి. పరీక్షలో మార్కులును వచ్చినవి. కాని ఆ నల్లచుక్క వెనుక ఒక ఊరున్నదనియు, అందులో నేటికిని పిల్లలు బడికి పోవుచున్నారనియు, స్త్రీలు మిద్దెమీద బట్టలు ఆరవేయుచున్నారనియు మాలో ఒక్కడును తలంపలేదు.

ఫిలిప్పీ నేడు రాళ్లకుప్ప. ఎఫెసు రాళ్లకుప్ప. పాత కొరింథులో విరిగిన స్తంభముల నడుమ గడ్డి మొలచుచున్నది. థెస్సలొనీక మాత్రము అట్లు కాలేదు. కట్టిన నాటినుండి ఇరువదిమూడు శతాబ్దములుగా జనము విడువని ఊరది. గ్రీసు దేశమున ఏథెన్సు తరువాత అదియే పెద్ద పట్టణము. పేరుకూడ దాదాపు అదే. ఇప్పటివారు థెస్సలొనీకి అందురు. మన తెలుగు బైబిలులో రెండు పత్రికలకు పేరిచ్చిన ఈ ఊరికి ఈ నెల మిమ్మును తీసికొనిపోయి, దాని పాతపేటలో కాలినడకను త్రిప్పవలెనని నా కోరిక. కొండ ఎక్కవలసియున్నది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు నెమ్మదిగా రావచ్చును; తొందర యేమియు లేదు.

ముందు ఊరి పుట్టుక వినుడి. క్రీ. పూ. 315 ప్రాంతమున మాసిదోనియను ఏలుచుండిన కస్సాండరు అనువాడు సముద్రపు అఖాతము కొనయందు దీనిని కట్టించెను. తన భార్య పేరు దీనికి పెట్టెను. ఆమె పేరు థెస్సలొనీకె. మహావీరుడైన అలెగ్జాండరునకు సవతి చెల్లెలు. కొత్త ఊరికి జనము కావలెను గదా? చుట్టుపట్లనున్న ఇరువదియారు పల్లెలను ఒకటిగా చేర్చి ఆ జనమును ఇందులోనికి తెచ్చిరని స్ట్రాబో అను ప్రాచీన భూగోళ గ్రంథకర్త వ్రాసెను. చరిత్ర పుస్తకములు ఈ సంగతిని ఒక్క వాక్యములో దాటిపోవును. పల్లెవాసులైన మీరు దాటిపోలేరు. ఇరువదియారు పల్లెలనగా ఇరువదియారు బావిగట్లు, ఇరువదియారు శ్మశానములు. వాటిలో కొన్నిటి పేర్లు మాత్రమే నేటికి మిగిలినవి.

సముద్రపు ఒడ్డునుండి పైకి బయలుదేరుదము. కొంతదూరము పోగానే తూర్పు పడమరలుగా సాగిన పెద్దబాట ఒకటి అడ్డము వచ్చును. దాని పేరు ఎగ్నాతియా వీధి. రోమీయులు అద్రియ సముద్రతీరము మొదలుకొని తూర్పున బైజాంతియమువరకు వేసిన రాజమార్గమునకు అదే పేరు. ఫిలిప్పీలో దెబ్బలు తిన్న పౌలు, సీల నడచి వచ్చినది ఆ మార్గముననే. నేటి వీధియు పూర్వపు రాజమార్గమును ఒకటేనా అన్నదానిలో పండితులకు వాదములున్నవి. అయితే ఒకటి నిశ్చయము. ఈ వీధి క్రింద భూగర్భ రైలుమార్గము వేయుటకు త్రవ్వినప్పుడు, వెనిజెలు అను పేరుగల స్టేషను ఉండవలసిన చోట రోమా కాలపు చలువరాతి వీధి బయటపడెను. ఆ రాళ్లమీద బండిచక్రములు రాచుకొని పడిన గాడులున్నవి. పిల్లలు ఆడుకొనుటకు గీచిన ఆటగళ్లుకూడ ఉన్నవి; మన వీధి అరుగులమీద బొగ్గుతో గీచుకొను పులిమేక గళ్లవంటివే యనుకొనుడి. ఆ రాళ్లను అక్కడనే ఉంచవలెనా, తీసి మరల పెట్టవలెనా అని ఏండ్ల తరబడి ఊరంతయు తగవులాడెను. తుదకు తీసి, స్టేషను కట్టి, మరల తెచ్చి పెట్టిరి. 2024 నవంబరు 30వ తేదీన రైలు నడచెను. నేడు పనికి పోవు కూలి ఆ గాడులను చూచుచు బండి ఎక్కవచ్చును.

వీధికి పైతట్టున రోమీయుల సంతవీధి కలదు. 1960 ప్రాంతపు సంవత్సరములలో న్యాయస్థానము కట్టుటకు పునాదులు త్రవ్వుచుండగా ఇది కనబడెను. న్యాయస్థానము వేరొకచోటికి పోయెను. యాత్రికులను వెంటబెట్టుకొని తిరుగువారు కొందరు దీనిని చూపి, పౌలు నిలిచిన స్థలమిదే అందురు. నమ్మకుడి. పైకి కనబడు కట్టడములలో ఎక్కువభాగము పౌలు తరువాత నూరేండ్లకును ఇంకను వెనుకకును కట్టినవి. ఆ పేటలో కొందరు పోకిరివారిని పోగుచేసి యాసోను ఇంటిమీద పడిన అల్లరి యెక్కడ మొదలాయెనో చూపగల రాయి ఒక్కటియు లేదు.

రాయి లేకపోయినను ఒక మాట కలదు. యాసోనును పట్టి ఊరి అధికారులయొద్దకు ఈడ్చుకొని పోయిరని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో లూకా వ్రాసెను. మన తెలుగులో అధికారులని యున్నచోట గ్రీకు మూలములో అతడు వాడిన మాట పొలితార్కులు. ప్రాచీన గ్రీకు గ్రంథకర్తలలో ఎవరును ఆ రూపమున ఆ మాటను వాడినట్లు కనబడదని చెప్పి, లూకాకు ఆ ఊరి సంగతి తెలియదని కొందరు ఆక్షేపించిరి. అయితే ఈ ఊరి పడమటి తట్టున, వార్దారు గుమ్మమని పిలువబడిన పాత రోమా తోరణముమీద ఒక శాసనముండెను. అది పొలితార్కులు అధికారములో నుండగా అని ప్రారంభమై వారి పేర్లు చెప్పును. 1876వ సంవత్సరమున ఆ తోరణమును పడగొట్టిరి. శాసనపు రాయి ఇంగ్లండు చేరి నేటికిని లండను నగరపు బ్రిటిషు మ్యూజియములో నున్నది. తరువాత మాసిదోనియ ఊళ్లలో అట్టి శాసనములు ఇంకను అనేకము దొరికెను. ఊరూరికి అధికారి పేరు మారుచుండును. ఒకచోట కరణమందురు, ఇంకొకచోట పట్వారి అందురు. ఆ ఊరిలో తిరిగినవానికే ఆ భేదము తెలియును. లూకా విన్నవాటిని సరిగా విన్నాడు. నాకు ఆ తోరణము ఎక్కువ చింత కలిగించును; శాసనము నిలిచెను గాని దానిని మోసిన గుమ్మమును రోడ్డు వెడల్పునకై పోగొట్టుకొనిరి.

తూర్పుగా నడచిన గలేరియసు తోరణము కనబడును. 298లో పారసీకులమీద గెలిచిన జయమును చూపుటకు దానిని కట్టించెను. గుఱ్ఱములు, ఒంటెలు, బందీలు, బలిపీఠమునెదుట నిలిచిన చక్రవర్తి, అన్నియు రాతిలో చెక్కియున్నవి. 303లో మొదలైన గొప్ప హింసకు ఇతడే ముఖ్య ప్రేరేపకుడని పురాతన క్రైస్తవ చరిత్రకారులు చెప్పుదురు. 311లో మరణమునకు కొంచెము ముందు ఆ హింసను మాన్పుచు ఆజ్ఞ వ్రాయించినవాడును ఇతడే. ఆ ప్రక్కనే అతని కాలమున లేచిన గుండ్రని మహామందిరమున్నది. గోడ మందము ఆరు మీటర్లకు పైమాట. అది తరువాత క్రైస్తవ దేవాలయమాయెను, 1590 ప్రాంతమున మసీదాయెను, 1912 తరువాత మరల దేవాలయమాయెను. మీనారు ఇంకను నిలిచియున్నది. ఈ తట్టుననే రథముల పందెములు జరుగు స్థలముండెను. 390లో ఊరివారు సేనాధిపతిని చంపిరన్న కోపముతో థియొడోసియసు చక్రవర్తి సైన్యము ఆ స్థలములో ఏడువేలమందిని నరికెనని వ్రాసిరి. ఆ వార్త మిలాను నగరమునకు చేరినప్పుడు అక్కడి అధ్యక్షుడైన అంబ్రోసు, నీవు పశ్చాత్తాపపడువరకు నీకు ప్రభురాత్రి భోజనము లేదని ఆ చక్రవర్తికే తెలియజేసెను. సంఘకాపరులమైన మేము ఈ సంగతిని తరచుగా ప్రసంగించుచుందుము. ఊరి పెద్దరెడ్డికో పెద్దకాపుకో అట్లు చెప్పుట మాత్రము మాలో ఎందరికి సాధ్యమో నేను చెప్పజాలను.

ఇక ఎక్కుడు మొదలగును. ఎక్కు దారిపేరు అపొస్తలుడైన పౌలు వీధి. ఆ వీధిలో గులాబిరంగు ఇల్లొకటి కనబడును. టర్కీ దేశమును నూతనముగా నిలిపిన ముస్తఫా కెమాలు 1881లో అందులో పుట్టెనని చెప్పి దానిని భద్రపరచియున్నారు. పౌలు పేరుగల వీధిలో తురకల నాయకుని ఇల్లు గ్రీకుదేశమున నిలిచియున్నది. ఈ ఊరు ఎటువంటిదో తెలియుటకు ఆ ఒక్క గుమ్మము చాలును.

మీరడుగవచ్చును: క్రిందిపేట అంతయు తిన్నని వీధులతో, ఎత్తైన మేడలతో నున్నదేమి? పైపేట మాత్రము వంకరసందులతో నిలిచినదేమి? ఇందుకు ఒక నిప్పురవ్వ కారణము. 1917 ఆగస్టు 18వ తేదీన, ఈ పేటకు దిగువను, యుద్ధమువలన ఊరు విడిచివచ్చిన బీదలు తలదాచుకొన్న ఒక చిన్న ఇంటిలో వంటపొయ్యినుండి రవ్వ ఎగిరి క్రిందనున్న గడ్డిమీద పడెను. ఆర్పుటకు నీళ్లు చాలలేదు. ఉత్తరదిక్కునుండి వార్దారు గాలి వీచెను. ముప్పది గంటలకు పైగా ఊరు మండెను. 9,500 ఇండ్లు పోయెను. 70,000 మందికి పైగా నిలువనీడ లేనివారైరి. పేరుపొందిన సెయింటు దెమెత్రియు దేవాలయమును కాలెను. దానిని మరల కట్టి ఆరాధనకు తెరచునప్పటికి 1949వ సంవత్సరము వచ్చెను. గాలి మంటను సముద్రమువైపు త్రోయుటవలన కొండమీది పేట చాలవరకు తప్పించుకొనెను. కాలినచోట ఎబ్రార్ అను ఫ్రెంచివాడు కొలబద్ద పెట్టి కొత్తవీధులు గీచెను. కాలనిచోట ఎవరును కొలబద్ద పెట్టలేదు. మన ఇండ్లలో కట్టెల పొయ్యి ప్రక్కన పిడకలు పేర్చుకొను అక్కచెల్లెండ్రు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

ఇప్పుడు మనము పైపేటలో నున్నాము. గ్రీకులు దీనిని అనోపోలి అందురు. పై ఊరని అర్థము. సందులు ఎద్దుబండి తిరుగలేనంత ఇరుకు. రాళ్లు పరచిన బాట కొంతదూరము పోయి మెట్లగును. ఆ మెట్లు ఒకరి ఇంటి గుమ్మమున ఆగిపోవును, లేదా తోటగోడ ప్రక్కగా మరల పైకి పోవును. ఇండ్లు రెండంతస్తులవి. క్రింది అంతస్తు రాతిగోడ. పై అంతస్తు కట్టెచట్రము, మట్టిపూత. పై గది వీధిమీదికి పొడుచుకొని వచ్చి దూలముల ఆధారముతో నిలిచియుండును. వీధిలో స్థలము లేనందున ఆకాశములో గది వేసికొనిరన్నమాట. ఆ కిటికీలలో కూర్చుండి వీధికి తమ ముఖము కనబడకుండ వీధిని చూడవచ్చును. తురకలు ఈ పట్టణమును 1430 మార్చి 29న సుల్తాను మురాదు చేతిమీదుగా పట్టుకొన్నారు. తరువాత చల్లగాలియు సముద్రపు చూపును గల ఈ పైభాగమున క్రమముగా వారు నివసించిరి. రేవుదగ్గర యూదులు, అక్కడక్కడ దేవాలయముల చుట్టును గ్రీకు క్రైస్తవులు. దాదాపు ఐదువందల ఏండ్లు అట్లు జరిగెను. వీధులలో పిల్లులు ఎక్కువ. గుమ్మముల ముందు డబ్బాలలో తులసివంటి వాసనగల మొక్కను పెంచుకొందురు.

ఒక సందు చివర, దారి అడుగనిదే దొరకని చోట, చిన్న దేవాలయమున్నది. దాని పాతపేరు లాతోము మఠము. రాళ్లగని మఠమని అర్థము. బయటినుండి చూచిన గాదెకొట్టమనుకొందురు. తలవంచి లోపలికి పోయి తూర్పుగోడ పైభాగము చూడుడి. రంగుగాజు ముక్కలతో పొదిగిన చిత్రమొకటి, క్రీ. శ. అయిదవ శతాబ్దపు చివరిదని పండితులు చెప్పునది, నిన్న పొదిగినట్లు మెరయుచుండును. గడ్డములేని యౌవనుడైన క్రీస్తు ఇంద్రధనుస్సుమీద కూర్చుండియున్నాడు. ఆయన చుట్టును వెలుగుచక్రము. ఆ వెలుగునుండి సింహము, ఎద్దు, పక్షిరాజు, మనుష్యుడు, నాలుగు జీవులు గ్రంథములు పట్టుకొని వెలుపలికి వచ్చుచున్నవి. ఆయన పాదముల క్రింద నాలుగు నదులు, వాటిలో చేపలు. ఈ ప్రక్కను ఒక వృద్ధుడు భయముతో చేతులెత్తి ముఖమునకు అడ్డము పెట్టుకొన్నాడు. అతడు యెహెజ్కేలు అందురు. ఆ ప్రక్కను ఇంకొకడు ఒడిలో పుస్తకముతో గడ్డముక్రింద చేయిపెట్టుకొని ఆలోచించుచున్నాడు, హబక్కూకు అందురు. ఒకే దర్శనము. ఒకడు చూడలేక కన్నులు మూసికొనుచున్నాడు. ఒకడు అర్థము వెదకుచున్నాడు. సంఘములో ఈ రెండు విధములవారిని నేను ఎరుగుదును. చిత్రకారుడు ఇద్దరికిని స్థలమిచ్చెను.

దీనికొక కథ కలదు. క్రైస్తవులను హింసించిన చక్రవర్తి కుమార్తెయైన థియొడోరా రహస్యముగా బాప్తిస్మము పొంది ఈ చిత్రమును చేయించెననియు, తండ్రికి తెలియకుండ దానిమీద ఎద్దుతోలు కప్పి ఇటుకలతో మూయించెననియు చెప్పుకొందురు. కథ మనోహరమే. కాని ఆ చక్రవర్తి గతించిన 150 ఏండ్లకు తరువాత గాని ఈ గాజు పొదుగబడలేదు గనుక దానిని చరిత్రయని మీకు చెప్పజాలను. నిజముగా జరిగినదేమనగా తురకల కాలమున ఈ దేవాలయము మసీదాయెను, చిత్రముమీద సున్నము పూసిరి. 1921లో ఆ పూత క్రింద చిత్రము కనబడెను. పూసినవారు దానిని చెరుపుటకు పూసిరి. ఆ సున్నమే పొగనుండి, చేతులనుండి, యుద్ధములనుండి దానిని కాపాడెను. 1988లో ఈ పట్టణపు పదునైదు పురాతన కట్టడములను ప్రపంచ వారసత్వముగా యునెస్కో సంస్థ గుర్తించినప్పుడు ఈ గాదెకొట్టమువంటి మందిరమును వాటిలో చేరెను.

మరల మెట్లు. ఇప్పుడు కోటగోడ కనబడును. నాలుగవ శతాబ్దపు చివర బలపరచిన గోడ; చుట్టుకొలత మొదట 8 కిలోమీటర్లు, నేడు దాదాపు సగము నిలిచియున్నది. రాళ్లవరుస, ఇటుకలవరుస, మరల రాళ్లు. తొందరలో కట్టినచోట పాత సమాధిరాళ్లు, పాత మందిరముల చలువరాళ్లు దొరికినవి దొరికినట్లు ఇరికించిరి. ఆ గోడకు అంటుకొని, గూడు కట్టిన పిచ్చుకలవలె చిన్నచిన్న ఇండ్లు కొన్ని కనబడును. కొన్ని ఒక్క గది కంటె పెద్దవి కావు. అవి ఎవరివనగా, 1923లో లోసాను నగరమున గ్రీకులును తురకలును ఒడంబడిక చేసికొని, మతమునుబట్టి జనమును మార్చుకొనిరి. గ్రీసులోని మహమ్మదీయులు టర్కీకి పోవలెను, టర్కీలోని క్రైస్తవులు గ్రీసుకు రావలెను. పది లక్షలకు మించిన క్రైస్తవులు ఇల్లు వాకిలి విడిచి వచ్చిరి. నాలుగు లక్షలవరకు మహమ్మదీయులు పోయిరి. ఎవరిని ఎవరును, నీకు ఇష్టమేనా అని అడుగలేదు. ఈ పైపేటలోని ఇండ్లలోనుండి ఒక జనము మూటలతో దిగిపోయెను, మరియొక జనము మూటలతో ఎక్కివచ్చెను. ఖాళీయైన ఇండ్లు చాలనందున, మిగిలినవారు కోటగోడనే ఒక ప్రక్కగోడగా చేసికొని మిగిలిన మూడు గోడలు లేపుకొనిరి. ఆ ఇండ్లకు గోడనంటిన ఇండ్లని అర్థమిచ్చు పేరొకటి వాడుకలో నున్నది. దేశవిభజన దినములలో మన దేశమున జరిగినది వినిన పెద్దలకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

గోడకు ఈవల వ్లాతదోను మఠము. పదునాలుగవ శతాబ్దమున దొరోథెయు, మార్కు అను ఇద్దరు సహోదరులు దీనిని స్థాపించిరి. ఈ పట్టణములోని పాతకాలపు మఠములలో నేటికిని సన్యాసులు నివసించునది ఇదొక్కటే. వాకిట నెమళ్లు తిరుగుచుండును. కొండనుండి వచ్చు నీటిని నిలువచేసి ఊరికి విడుచు తొట్లు పూర్వము ఈ మఠపు ప్రాంగణములో నుండెను. అందుచేతనే, మురాదు ముట్టడి వేసినప్పుడు నీటికాలువ మూయుమని ఈ సన్యాసులే అతనికి ఉపాయము చెప్పిరన్న అపవాదును వీరిమీద పడెను. పాపము, నీళ్లున్న ఇంటిమీద నిందయు ఉండును.

యాసోను ఇల్లు ఈ స్థలముననే యుండెననియు, పౌలు ఇక్కడ బోధించెననియు మఠమువారి పారంపర్యము. మొదటి శతాబ్దపు ఊరు క్రిందనుండెను; ఈ కొండచరియ ఊరి అంచు. యాసోను ఇక్కడ ఇల్లు కట్టుకొనుట అసాధ్యమని చెప్పను గాని, నిదర్శనమేదియు లేదు. నేనైతే పౌలును క్రింద, సంతకు దగ్గర, ఏదో అంగడి వెనుక గదిలో వెదకుదును. ఎందుకనగా తాము ఎవరికిని భారముగా ఉండకుండ రాత్రింబగళ్లు కష్టపడి పనిచేసితిమని అతడే ఈ సంఘమునకు జ్ఞాపకము చేసియున్నాడు. గుడారములు కుట్టువాడు గిరాకి ఉన్నచోట కూర్చుండవలెను గాని కొండమీద కూర్చుండి యేమిచేయును? మూడు విశ్రాంతిదినములు తర్కించెనని లూకా చెప్పుటచేత మూడు వారములే అక్కడ నుండెనని కొందరనుకొందురు. అయితే ఫిలిప్పీవారు ఒకటి రెండు మారులు తనకు సహాయము థెస్సలొనీకకే పంపిరని పౌలు వేరొకచోట వ్రాసెను. ఆ రెండు ఊళ్ల నడుమ నాలుగైదు దినముల నడక. మూడు వారములలో రెండు మారులు డబ్బు వచ్చుట కష్టము. కొన్ని నెలలైనను అక్కడ నుండెనని నా తలంపు. అతడు కొరింథునుండి, క్రీ. శ. 50 ప్రాంతమున, ఈ ఊరివారికి వ్రాసిన మొదటి జాబే క్రొత్తనిబంధన గ్రంథములన్నిటిలో పాతదని చాలమంది పండితుల అభిప్రాయము. సువార్తలు నాలుగును దానికి తరువాతివి. అనగా మన క్రొత్తనిబంధనలో మొదట సిరా ఆరిన కాగితము పనివారితో నిండిన ఈ రేవుపట్టణమునకు వచ్చినది.

మఠము దాటి ఇంకను పైకి పోయిన ఏడుబురుజుల కోట. పేరు ఏడు గాని లెక్కించిన పది వచ్చును. 1890 ప్రాంతమునుండి 1989వరకు అది చెరసాల. అక్కడ ఎక్కువసేపు నిలువవలదు. గోడలలో ఇంకను ఆ వాసన యున్నట్లే తోచును. కొంచెము దిగి తూర్పు మూలనున్న గుండ్రని బురుజుదగ్గర ఆగుదము. అక్కడనుండి ఊరంతయు, అఖాతమంతయు కనబడును. ఆకాశము నిర్మలముగానున్న దినమున సముద్రమునకు ఆవల ఒలింపు పర్వతము మంచుతో కనబడును. గ్రీకుల దేవతలందరు నివసించిరని చెప్పిన కొండ అదే. ఈ సంఘమువారు విగ్రహములను విడిచిరని పౌలు మెచ్చుకొన్నప్పుడు, వారు విడిచిన దేవతల ఇల్లు ప్రతి ఉదయము వారి కన్నులెదుట నుండెను.

దిగువను, తూర్పుగోడకు వెలుపల, విశ్వవిద్యాలయపు మేడలు కనబడుచున్నవి గదా. అక్కడ చెప్పవలసిన సంగతి యొకటున్నది. దానిని చెప్పుటకే ఇంతదూరము మిమ్మును ఎక్కించితిని.

1492లో స్పెయిను రాజు యూదులను వెళ్లగొట్టినప్పుడు టర్కీ సుల్తాను వారికి చోటిచ్చెను. వేలకొలది ఈ ఊరికి వచ్చిరి. 1519 నాటి లెక్కలలో ఊరిలో సగముకంటె ఎక్కువ యూదులే. నాలుగువందల ఏండ్లు వారు ఇంటిలో స్పెయినుభాష మాటలాడుకొనిరి. రేవులో మూటలు మోసినది వారే, చేపలు పట్టినది వారే, ఉన్ని నేసినది వారే. శనివారము వచ్చెనా రేవు మూతపడెడిది. వారి శ్మశానము ఆ మేడలున్నచోట నుండెను. మూడు లక్షల సమాధులకు పైగా ఉండెనని అంచనా. జర్మనులు ఊరిని పట్టుకొనియుండగా 1942 డిసెంబరులో ఆ శ్మశానమును ఊరివారే పగులగొట్టిరి. సమాధిరాళ్లు మెట్లకు, ప్రాంగణములకు, దేవాలయముల మరమ్మతులకుకూడ పోయెను. 1943 మార్చి 15న మొదటి రైలు బయలుదేరెను. ఆగస్టువరకు రైలు వెనుక రైలు ఆష్విట్సునకు పోయెను. 45,000 మందికి పైగా పోయిరి. తిరిగి వచ్చినవారు రెండువేలమందియు లేరు. ఆ శ్మశానము జ్ఞాపకార్థము విశ్వవిద్యాలయపు ఆవరణలో ఒక గుర్తు నిలుపుటకు 2014వరకు పట్టెను.

ప్రియులారా, నేను యౌవనములో 17వ అధ్యాయము ప్రసంగించుచు, ఆ ఊరి యూదులు మత్సరపడి అల్లరి చేసిరని చెప్పి, అక్కడితో ఆగక, ఆ జనమే అట్టిదని గొంతెత్తి చెప్పిన దినములున్నవి. వినువారు తలలూపిరి. తరువాత కొంతకాలమునకు ఈ రైళ్లను గూర్చి చదివితిని. అప్పుడు ఆ అధ్యాయమును మరల చదివి చూచితిని. అల్లరిచేసినవారు యూదులు, నిజమే. ఎవరిమీద చేసిరో వారెవరు? పౌలు యూదుడు. సీల యూదుడు. ఆ ఊరినుండి పౌలును వెంబడించి, అతనితోకూడ చెరలో నుండిన అరిస్తర్కును, సున్నతి పొందినవారిలో చేరినవాడని కొలస్సయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది. సమాజమందిరములో నమ్మినవారును కొందరు, నమ్మనివారును కొందరు. ఒక ఇంటిలోని తగవు అది. దానిని తీసి జనమంతటిమీద వేసినవారము మనము. ఆ ప్రసంగపు కాగితమును నేను చింపివేసితిని. విన్నవారి చెవులలోనుండి ఎట్లు తీయగలను? వారిలో కొందరు ఇప్పటికే మట్టిలో నున్నారు.

బురుజుక్రింద ప్రొద్దు పోవుచున్నది. ఈ వేళకు ఊరివారు గోడమీద వచ్చి కూర్చుందురు. పిల్లలు వేయించిన గింజలు కొనుక్కొని తినుచుందురు. పడమటితట్టున దీపములు ఒక్కొక్కటియే వెలుగుచున్నవి. వాటికి ఆవల చీకటిలో బెరయకు పోవు త్రోవ, 70 కిలోమీటర్ల దూరము. సహోదరులు పౌలును సీలను సాగనంపినది రాత్రియందే. ఎవరు దీపము పట్టిరో, ఏ గుమ్మముగుండ దాటించిరో లూకా వ్రాయలేదు. యాసోను మాత్రము వారితో పోలేదు. అతడు అధికారులయొద్ద జామీను ఇచ్చియుండెను. అతని ఇల్లును, పనియు, ఊరును ఇక్కడనే యుండెను. మరునాడు తెల్లవారగా అతడు తన అంగడి తలుపు తీసి, నిన్న తనను ఈడ్చినవారి ముఖములను చూడవలసియుండెను.